లాగని తాడు

పోయిన వారం ఈ పేజీ చేతికందని వాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెబుతాను. నా కుళ్ళును నేనే మళ్ళీ మొదటినుంచీ ఏకరువు పెట్టుకోవడం సరదాగా ఏమీ లేదు, అయినా తప్పదు.

మాది జపాన్‌లో మికావా వైపు, కార్ల సీట్లు తయారుచేసే ఫ్యాక్టరీ. మా లైనులన్నిటికీ పెద్దాయన ఓకుమురా మార్చి నెలాఖరుకు రిటైరవుతున్నారు. ఆయన కుర్చీకి చివరికి ఇద్దరం మిగిలాం. ఒకడిని నేను, కువబరా. పంతొమ్మిదేళ్ళుగా రెండో లైనుకు లీడరుని. ఇంకొకరు ఇనగాకి చిహారు. మూడేళ్ళ కిందట వేరే ఊరి ఫ్యాక్టరీనుంచి వచ్చి ఒకటో లైను చేతిలోకి తీసుకున్న మనిషి. మా లైనుల పైన పొడవునా ఒక పసుపుపచ్చ తాడు వేలాడుతూ ఉంటుంది. పనిలో ఏ లోపం కనిపించినా, ఏ అనుమానం వచ్చినా, ఎవరైనా సరే ఆ తాడు లాగవచ్చు. లాగితే ఆ లైనుకు పెట్టిన పాట మోగుతుంది, లైను ఆగుతుంది, లీడరు పరుగెత్తుకు వెళ్ళాలి. జనవరిలో ఇనగాకి లైనులో ఆ తాడు నలభై మూడుసార్లు లాగారు. నా లైనులో అక్టోబరు తర్వాత ఒక్కసారి కూడా లాగలేదు. ఆ సున్నాను రోజూ పొద్దున్నే బోర్డు మీద నా చేత్తో నేనే గుండ్రంగా రాసేవాణ్ణి.

అలాంటిది, ఉదయం సమావేశంలో ఓకుమురా అందరి ముందూ ఒకటో లైను వాళ్ళకు తల వంచి, బాగా ఆపారు, ఆపినందుకు సంతోషం అన్నారు. నా సున్నా గురించి ఒక్క ముక్క కూడా అనలేదు. ఒళ్ళు మండిపోయింది. ఆ మంట చల్లారకముందే ఆయన మా ఇద్దరినీ గదిలోకి పిలిచి, వచ్చే వారం లైనులు మార్చుకోండి, ఆవిడ లైను నువ్వు చూడు, నీ లైను ఆవిడ చూస్తుంది అన్నారు. కథ అక్కడ ఆగింది.

నిజం చెప్పాలంటే ఆ మాటకు లోలోపల ఎగిరి గంతేశాను. ఇనగాకి బండారం ఇక బయటపడుతుందనుకున్నాను. సోమవారం పొద్దున పనికి ముందు అందరూ కలిసి చేసే వ్యాయామం అయ్యాక ఒకటో లైను దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. తొమ్మిది కాకుండానే వాళ్ళ పాట మోగింది. పరుగెత్తాను.

"ఎవరు లాగారు?" అన్నాను.

సుగియురా అని, నలభై దాటినవాడు, మెడ చుట్టూ తువ్వాలు చుట్టుకుని ఉంటాడు, నా వైపు కాస్త జాలిగా చూశాడు.

"లాగింది నేనేనండి. కాకపోతే ఇక్కడ ముందు వేరే మాట అంటారు."

"ఏ మాట?"

"ఆపినందుకు థాంక్స్ అంటారండి. తర్వాత ఏమైందని అడుగుతారు. ఎవరు అని అడగరు. నిలబడి అడగరు కూడా. పక్కన గొంతుక్కూర్చుంటారు."

"అలాగా. ఆపినందుకు థాంక్స్" అన్నాను. మోకాళ్ళు పటపటమంటుంటే కూర్చున్నాను. సీటు గుడ్డ కుట్టు ఒకచోట రెండు మిల్లీమీటర్లు పక్కకు పోయింది, అంతే. దానికోసం లైనంతా ఆగింది. ఆ రోజు తొమ్మిదిసార్లు పాట మోగింది, తొమ్మిదిసార్లు గొంతుక్కూర్చున్నాను. గారం చేసి నెత్తికెక్కించుకుంది వీళ్ళను అనుకున్నాను.

భోజనం దగ్గర ఇంకా ఇబ్బంది. నా లైనులో అందరూ తలలు వంచుకుని, చప్పుడు లేకుండా, పన్నెండు నిమిషాల్లో తినేసి లేస్తారు. అది క్రమశిక్షణ అనుకునేవాణ్ణి. వీళ్ళేమో ఒకళ్ళ డబ్బాలోకి ఒకళ్ళు తొంగిచూస్తారు. సుగియురా పొద్దున కుట్టు గురించి తనే జోకు వేసుకున్నాడు.

"మా ఆవిడ నేను చొక్కా బొత్తాం కుట్టుకున్నా ఇలాగే వంకరగా ఉంటుందని తిడుతుంది. ఇంట్లో కూడా ఒక తాడు ఉంటే బాగుండేది."

"మీ ఇంట్లో తాడుంటే మీ ఆవిడ రోజంతా దానికి వేలాడుతుంది" అంది పక్కనున్నావిడ. అందరూ నవ్వారు.

"కువబరాసాన్, మీరు ఇంకా డబ్బా మూతైనా తియ్యలేదు. మీ ఇంటావిడ వంట మాకు చూపించకూడదా ఏమిటి?" అంది ఆవిడే, నా వైపు తిరిగి.

మూత తీశాను. మీసో అనే సోయా ముద్ద పూసిన కట్లెట్ ఉంది. రుచి తెలియలేదు. నా చెవులు రెండూ అవతల రెండో లైను మీదే ఉన్నాయి. అక్కడినుంచి ఏ పాటా లేదు. సోమవారం గడిచింది, లేదు. మంగళవారం గడిచింది, లేదు. అదొక్కటే నాకు ఊరట. ఆవిడ ఎన్ని థాంక్సులు చెప్పినా నా వాళ్ళు నా వాళ్ళే, ఆవిడ కోసం తాడు ముట్టుకోరు అని మురిసిపోయాను.

మంగళవారం పని వదిలాక చెప్పుల అరల దగ్గర ఇనగాకి కనిపించింది. వంగి బూట్లు విప్పుకుంటోంది.

"ఎలా ఉంది మా లైను? ప్రశాంతంగా ఉందా?" అన్నాను, వీలైనంత తీయగా.

"చాలా ప్రశాంతంగా ఉందండి" అంది ఇనగాకి. "భయమేస్తోంది."

ఓర్వలేక అంటోందనుకున్నాను. ఓర్వలేకపోవడమంటే ఏమిటో నాకంటే బాగా తెలిసినవాడు ఆ ఫ్యాక్టరీలో లేడు కాబట్టి, కనిపించిన ప్రతి మాటలోనూ అదే కనిపించేది నాకు.

బుధవారం పదిన్నరకు ఏదో పాట మోగింది. ఎక్కడో పాత జాతరలో విన్నట్టున్న వరస. ఎవరి సెల్‌ఫోనో అనుకుని చుట్టూ చూశాను.

"అది మీదేనండి" అన్నాడు సుగియురా.

"నాదేమిటి?"

"మీ లైను పాట."

నా లైను పాట నాకే గుర్తు లేదు. నేను నిలబడాల్సిన చోటు వదిలేసి, సరుకు పెట్టే అరల వెనక్కి వెళ్ళి దొంగచాటుగా చూశాను. ఆ వయసులో, ఆ ఉద్యోగంలో, అరల సందుల్లోంచి తొంగిచూశాను. తాడు మీద చెయ్యి ఇంకా తీయకుండా నిలబడి ఉంది హమాజిమా.

హమాజిమా కియోఎ గురించి చెప్పాలి. యాభై నాలుగేళ్ళ మనిషి. నా లైనులో సీటు కింది పట్టాలకు బోల్టులు బిగించే ముగ్గురిలో ఆమె ఒకరు. పదకొండేళ్ళుగా నా దగ్గరే ఉంది. ప్రతి ఏడాదీ చలికాలం మొదట్లో వాళ్ళ ఊరినుంచి ఎండబెట్టిన పెర్సిమన్ పండ్లు మా ఇంటికి పంపిస్తుంది. ఫ్యాక్టరీ అంతా నన్ను వదిలేసినా ఆమె వదలదని ఎవరడిగినా చెప్పేవాణ్ణి. అలాంటి హమాజిమా ఇనగాకి కోసం తాడు లాగింది. ఇనగాకి నేలమీద గొంతుక్కూర్చుని ఒక బోల్టును వెలుగులో తిప్పి చూస్తోంది. చుట్టూ నా లైను వాళ్ళు మూగారు. ఇనగాకి ఏదో అంది. హమాజిమా నవ్వింది. పదకొండేళ్ళలో ఆమె పళ్ళు నేను చూసిన గుర్తు లేదు.

కట్టుకున్న మనిషి పరాయివాడితో నవ్వుతుంటే చూసినవాడి బాధేమిటో నాకు తెలియదు గానీ, ఇంతకంటే ఎక్కువ ఉండదనుకుంటాను.

మూడు గంటల విరామంలో కాఫీ డబ్బాలమ్మే మెషిన్ దగ్గర ఆమెను పట్టుకున్నాను. ఒక వేడి డబ్బా ఆమె చేతిలో పెట్టి, ఒకటి నేను తీసుకున్నాను.

"మూడు రోజులు చాలాయన్నమాట" అన్నాను.

"దేనికండీ?"

"పదకొండేళ్ళు నా దగ్గర చేశావు. ఒక్కసారి తాడు ముట్టుకోలేదు. ఆవిడ వచ్చి మూడు రోజులు కాలేదు."

"కాఫీ తాగండి ముందు, చల్లారిపోతుంది."

"కాఫీ సంగతి తర్వాత. నేను ఎప్పుడైనా ఎవరినైనా తిట్టానా? గొంతు పెంచానా?"

"లేదండి."

"మరి?"

"తిడితే బాగుండేదండి" అంది హమాజిమా. "తిట్టు అయితే అయిపోతుంది కదా."

నాకు అర్థం కాలేదు. ఆమె డబ్బా మూత తీసి ఒక గుక్క తాగి, అటూ ఇటూ చూసి చెప్పింది.

"అక్టోబరులో మన లైనులో ఒనోదెరాసాన్ తాడు లాగారు గుర్తుందా? స్ప్రింగు ఒకటి పక్కకు ఉందని. మీరు వచ్చారు. ఏమీ అనలేదు. పళ్ళ సందుల్లోంచి గాలి పీల్చారు, స్... అని. తర్వాత గోడ గడియారం వైపు చూశారు. అంతే."

"అంతేగా. అదీ తప్పేనా?"

"ఒనోదెరాసాన్ ఆ రోజు అన్నం తినలేదండి. తర్వాత మాలో ఎవరూ తాడు వైపు చూడలేదు. మీ వెనకాల మిమ్మల్ని ఏమంటారో తెలుసా?"

"ఏమంటారు?"

"టైరు అంటారు. గాలి దిగుతున్న టైరు."

ఇంకెప్పుడైనా అయితే నవ్వు వచ్చేది. నేను చాలా ఓర్పుగల మనిషినని, గొంతు పెంచకుండా పంతొమ్మిదేళ్ళు లైను నడిపానని కొత్తగా వచ్చిన లీడర్లకు పాఠాలు చెప్పినవాణ్ణి. ఆ ఓర్పు వాళ్ళకు వినబడింది ఈ చప్పుడుగా.

"మరి లోపాలు కనిపిస్తే ఏం చేసేవాళ్ళు?"

"పక్కన పెట్టేవాళ్ళం. మీరు అటు తిరిగినప్పుడు బల్ల కిందికి తోసేసేవాళ్ళం. భోజనం టైములో సగం తిని వచ్చి సరిచేసేవాళ్ళం. మిగిలినవాటి కోసం పొద్దున్నే ఇరవై నిమిషాలు ముందు వచ్చేవాళ్ళం."

ఆ ఇరవై నిమిషాల సంగతి నాకు తెలుసు. నా వాళ్ళకు పని మీద ఎంత ఇష్టమో చూడండి, పిలవకుండానే ముందొస్తారు అని లీడర్ల సమావేశంలో చెప్పాను. ఇనగాకి మొహంలోకి చూస్తూ చెప్పాను.

"ఇంకోటి ఉందండి" అంది హమాజిమా. ఇప్పుడామె గొంతు మారింది. "జనవరి మూడో వారంలో వచ్చిన బోల్టుల్లో కొన్నిటికి మర సరిగా లేదు. బిగిసినట్టే ఉంటాయి. పట్టుకుని కదిపితే వదులు. నా చేతికి తెలిసింది. తాడు నా నెత్తి మీదే ఉంది. మీరు అవతల బోర్డు దగ్గర ఉన్నారు. లాగలేకపోయాను. తర్వాత సరిచేద్దామనుకున్నాను, ఆ రోజు లారీ ముందే వెళ్ళిపోయింది."

"ఎన్ని?"

"ఇరవై ఆరు సీట్లు."

సీటును కారు నేలకు పట్టి ఉంచేది ఆ పట్టాలే. ఆ ఇరవై ఆరు సీట్లలో ఇప్పటికి ఎవరెవరో కూర్చుని ఉంటారు. హమాజిమా రెండు చేతులతో కాఫీ డబ్బాను నలిపేస్తూ ఉంది.

"ఇవాళ అలాంటి బోల్టే మళ్ళీ చేతికి వచ్చింది. కళ్ళు మూసుకుని లాగేశాను. ఇనగాకిసాన్ థాంక్స్ అన్నారు. ఇలాంటివి జనవరిలో కూడా వెళ్ళాయండీ, ఇరవై ఆరు, అని చెప్పేశాను. ఎవరి చేతుల మీదుగా అని ఆవిడ అడగలేదు. ఆ స్థానంలో ముగ్గురం మారి మారి చేస్తాం కదా. నేను చెప్పలేదు."

"మరి నాకెందుకు చెబుతున్నావు?"

"ఆవిడ మూడు రోజుల మనిషి. మీ దగ్గర పదకొండేళ్ళు చేశాను."

ఆ మాట విన్నాక నాకు ముందు ఆ ఇరవై ఆరు కార్లు గుర్తొచ్చాయని రాయగలిగితే బాగుండేది. రాలేదు. ముందు అనిపించింది ఇదీ: ఆవిడకు ముందు చెప్పింది, నాకు తర్వాత చెప్పింది. అంత ప్రమాదం ఎదురుగా ఉన్నా నా మనసు వరసలో ఎవరు ముందో లెక్కేసుకుంటూ కూర్చుంది. ఆ తర్వాతే ఆ కార్లు గుర్తొచ్చాయి. వెంటనే ఓకుమురా గదికి పైమెట్లు ఎక్కాను.

ఓకుమురా గది తలుపు తీసే ఉంది. ఇనగాకి అప్పటికే ఆయన బల్ల ముందు నడుము వంచి నిలబడి ఉంది.

"రెండో లైనులో జరిగిన తప్పు. ఈ వారం ఆ లైను లీడరుని నేను. బాధ్యత నాది" అంటోంది.

ఓకుమురా కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. సీట్లు కొన్న కంపెనీకి అప్పటికే ఫోను చేశారు. ఆ కార్లను వాళ్ళు వెనక్కి పిలిపిస్తున్నారు. రేపు పొద్దున మన తరఫున ఒక మనిషి క్షమాపణ పత్రం తీసుకుని వాళ్ళ దగ్గరికి వెళ్ళి తల వంచాలి. పత్రం ఆయన ముందే ఉంది.

"ఆలోచించుకో ఇనగాకి" అన్నారు ఓకుమురా. "దీని మీద ముద్ర వేసిన మనిషిని నా కుర్చీలో కూర్చోబెట్టమని పై ఆఫీసుకు నేను చెప్పలేను. చెప్పినా వాళ్ళు వినరు."

"తెలుసండి" అంది ఇనగాకి. సంతకానికి బదులు వేసే తన పేరు ముద్ర జేబులోంచి తీసింది.

అప్పుడు ఆయన నన్ను చూశారు. "కువబరా, నువ్వు కూడా వచ్చావా. ఈ జనవరి సంగతి నీకు తెలుసా?"

"ఇప్పుడే తెలిసింది. పది నిమిషాలు కాలేదు."

"అంటే అప్పుడు తెలియదు."

"తెలియదండి."

అది అబద్ధం కాదు. ఆ ఒక్క మాట దగ్గర ఆగితే చాలు, కుర్చీ నాది. ఇనగాకి నా వైపు తల కూడా తిప్పలేదు. ముద్రకు సిరా అద్దుకుంటోంది. పంతొమ్మిదేళ్ళు ఎదురుచూసిన కుర్చీని ఆవిడే నా వైపు తోసేస్తోంది.

సంతోషం రాలేదు. కడుపు ఇంకా ఎక్కువ మండింది. నా లైను వాళ్ళ నవ్వు తీసుకుంది. హమాజిమా మొదటి మాట తీసుకుంది. ఇప్పుడు నా తప్పు కూడా తనే తీసుకుంటోంది. రేపు ఆవిడ తల వంచితే, నా లైను వాళ్ళు జీవితాంతం చెప్పుకునేది ఆవిడ గురించే. నేను ఆ కుర్చీలో కూర్చుని అది వింటూ ఉండాలి.

రెండడుగుల్లో బల్ల దగ్గరికి వెళ్ళి కాగితం నా వైపు లాక్కున్నాను. జేబులో ముద్ర వెతికి, ఆవిడ సిరాలోనే అద్ది, దబ్బున వేశాను. వంకరగా పడింది.

"కువబరాసాన్, ఈ వారం అది నా లైను" అంది ఇనగాకి. మొదటిసారి ఆవిడ గొంతులో కోపం విన్నాను.

"జనవరిలో నాది" అన్నాను. "నాది నాకు వదిలెయ్యండి."

మంచితనంతో చేశాననుకోకండి. ఆ నిమిషంలో ఆవిడకు ఇంకొక్కటి దక్కనివ్వకూడదన్నదే నా బుద్ధి. మంచితనం ఏమైనా ఉంటే అది నా చేతికి తెలిసిందేమో గానీ నాకు తెలియదు.

ఓకుమురా కళ్ళజోడు పెట్టుకుని, ఆ వంకర ముద్ర కింది గడి వేలితో చూపించారు.

"ఇంకో పేరు కావాలి. ఇది మన పత్రం కాదు, వాళ్ళది. బోల్టు బిగించిన మనిషి పేరు రాయందే తీసుకోరు. ఆ మనిషిని ఇక వాళ్ళ సరుకు ముట్టుకోనివ్వరు. మన దగ్గర చేసేదంతా వాళ్ళ సరుకే."

అంటే ఉద్యోగం పోవడమే.

"నాకు తెలియదండి" అంది ఇనగాకి. "అడగలేదు."

"కువబరా, నీకు తెలుసా?"

ఇనగాకి అప్పుడు నా మొహంలోకి చూసింది. నాకు తెలుసునని ఆవిడకు అర్థమైపోయింది. ముందు ఆవిడకు చెప్పిందన్న మంట నాలో ఇంకా అలాగే ఉంది, ఆ పేరు రాస్తే అది చల్లారుతుందని కూడా తెలుసు. ఓకుమురా తన కలం తీసి నా ముందు పెట్టారు. నేను దాన్ని చేతిలోకి తీసుకున్నాను. ఆ గడిలో ఏం రాశానో వచ్చే వారం చెబుతాను.